కల్లూరు ఇల్లు ఆడపిల్లలకు ఇవ్వాలనుకుంటున్న టీచర్ గారికి

టీచర్ గారూ, నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కల్లూరులో మీ నాన్నగారి ఇల్లు ఖాళీగా ఉంది, మూడు గదులు, హాలు, వెనక పెరడు. బాలసదనాల్లో, హోముల్లో పెరిగి పద్దెనిమిదేళ్లు నిండగానే బయటికి రావాల్సిన ఆడపిల్లలు సొంతంగా నిలదొక్కుకునే దాకా ఉండటానికి ఆ ఇల్లు ఇవ్వాలనుకుంటున్నారు. ఎంతమందిని పెట్టాలి, ఎన్నాళ్లు ఉంచాలి, ఏ ఆఫీసులో అడగాలి అని మీ ప్రశ్నలు. దాంతోపాటు మీ ఆలోచన కూడా రాశారు: అద్దె తీసుకోరు, రెండు పూటలా భోజనం మీ ఇంటి నుంచే పంపిస్తారు, సాయంత్రం ఏడింటికల్లా అందరూ లోపల ఉండాలి, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.

మీది మంచి మనసు. కానీ ఆ నాలుగింటినీ మార్చుకోమనే చెప్తాను. పదమూడేళ్లుగా కర్నూలులోనే ఇలాంటి ఇల్లొకటి చూసుకుంటున్నాను. మొదట్లో మేమూ సరిగ్గా ఈ నాలుగే పెట్టుకున్నాం, అందుకే చెప్తున్నాను.

ముందు భోజనం సంగతి. మా ఇంటికి వచ్చిన తొలి పిల్లల్లో పత్తికొండ దగ్గరి అమ్మాయి ఒకతె ఉండేది. ఏడో ఏట నుంచి హోమ్‌లోనే పెరిగింది. "నాకు వంట బాగా వచ్చక్కా" అంది. సరే ఉప్మా చెయ్యి అన్నాను. ఇంట్లో ఐదుగురం. గంట తర్వాత చూస్తే మా ఇంట్లో ఉన్న అతి పెద్ద గిన్నె నిండా ఉప్మా, ఇంకో గిన్నెలో మిగతా సగం. రవ్వ డబ్బా ఖాళీ. ఆ పిల్ల స్టవ్ పక్కన నిలబడి ఏడుస్తోంది. హోమ్‌లో వంటమనిషికి సాయం చేస్తూ అరవై మందికి చేయడం నేర్చుకుంది. ఎసరెంతో, ఉప్పు ఎన్ని పిడికిళ్లో అంతా అరవై మంది లెక్కలోనే తెలుసు. ఐదుగురికి ఎంత పోయాలో ఆమెకు ఎవరూ చూపించలేదు. ఆ రోజు రాత్రికీ, మర్నాడు పొద్దునకూ ఉప్మానే తిన్నాం. మిగిలింది ఎదురింటివాళ్లకు ఇచ్చాం. తర్వాత నెల రోజులు టీగ్లాసుతో బియ్యం కొలిచి వండింది. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు, ఆదోనిలో ఉంటుంది, ఇప్పటికీ గ్లాసుతోనే కొలుస్తానంటుంది.

మీరు క్యారియర్ పంపిస్తే ఈ ఉప్మా ఎప్పటికీ మాడదు, ఎప్పటికీ మిగలదు. మీ ఇంటి నుంచి బయటికెళ్లిన రోజున మాత్రం ఆ పిల్ల మళ్లీ మొదటికే వస్తుంది. హోమ్‌లో పిల్లలకు అన్నీ జరుగుతాయి, వాళ్లు చేసేది తక్కువ. బెల్లు కొడితే లేవాలి, బెల్లు కొడితే తినాలి. సబ్బు ఎంతకు వస్తుందో తెలీదు, గ్యాస్ బండ ఎన్నాళ్లు వస్తుందో తెలీదు, రెగ్యులేటర్ ముట్టుకోవాలంటే భయం. ఇవన్నీ తప్పులు చేస్తూ నేర్చుకోవాల్సినవే. ఆ తప్పులు చేసినా కొంప మునగని చోటు ఒకటి దొరికితే చాలు, మీ ఇల్లు ఆ చోటు కావాలి. సరుకులు మొదటి నెల మీరే తెచ్చివ్వండి. రెండో నెల నుంచి డబ్బులు చేతికిచ్చి సి.క్యాంపు రైతుబజారుకు వాళ్లనే పంపండి. కుళ్లిన టమాటాలు తెస్తారు, తేనివ్వండి.

ఇక తాళం. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి చేరిన రోజే తాళంచెవి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి గేటు బయట మెట్టు మీద కూర్చొని ఉంది. ఎంతసేపటి నుంచి కూర్చున్నావంటే గంటయిందంది. తాళంచెవి పోగొట్టుకున్నావా అంటే పర్సు తెరిచి చూపించింది, అందులోనే ఉంది. "ఎవరూ లేనప్పుడు నేను తీయొచ్చో లేదో అని" అంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. అన్నేళ్లలో ఒక్క తలుపు కూడా తన చేత్తో తాళం తీసి లోపలికి పోలేదు. మీ ఇంటి తాళం వాచ్‌మన్ దగ్గర పెట్టడమంటే ఆ మెట్టు మీద మళ్లీ కూర్చోబెట్టడమే. వాచ్‌మన్ కావాలంటే పెట్టుకోండి, రాత్రిపూట ధైర్యంగా ఉంటుంది. తాళంచెవులు మాత్రం ఎంతమంది పిల్లలుంటే అన్ని చేయించండి. పోగొడితే కొత్తది చేయించే ఖర్చు వాళ్లదే అని ముందే చెప్పండి. మా ఇంట్లో ఇప్పటికి చాలానే పోయాయి, దొంగతనం మాత్రం ఒక్కటీ జరగలేదు.

ఏడింటి గేటు గురించి నా తప్పు నేనే ఒప్పుకుంటాను. మేమూ ఏడే పెట్టాం. బట్టల షాపులో పనికి కుదిరిన అమ్మాయిని రాత్రి తొమ్మిదికి గానీ విడిచిపెట్టరు. పండగ సీజన్‌లో పది దాటుతుంది. నాకు చెప్తే పని మానేయమంటానేమోనని భయపడి, "తోటి అమ్మాయి ఇంట్లో పడుకుంటున్నా" అని వారంలో మూడు రోజులు అబద్ధం చెప్పింది. నిజానికి ఆ మూడు రాత్రులూ ఆర్టీసీ బస్టాండులో కూర్చుంది. గేటు మేం పెట్టింది ఆమె క్షేమం కోసం, ఆ గేటే ఆమెను బస్టాండుకు తోసింది. ఆ తర్వాత రూలు మార్చాం. ఎన్నింటికొచ్చినా రావచ్చు, కానీ ఆలస్యమైతే ఇంట్లో ఉన్నవాళ్లలో ఒకరికి ఫోన్ చెయ్యాలి, ఏ ఆటో ఎక్కిందో చెప్పాలి. రాజ్‌విహార్ సెంటర్ నుంచి రాత్రిపూట షేర్ ఆటోలో ఒక్కతే రావద్దని, ఇద్దరు కలిసి రమ్మని వాళ్లకు వాళ్లే ఒప్పందం చేసుకున్నారు. నేను పెట్టిన రూలు కన్నా అది బాగా నడిచింది.

అద్దె విషయంలో మీకు కోపం రావచ్చు. తీసుకోండి. మొదటి రెండు నెలలు వద్దు. మూడో నెల నుంచి ఐదు వందలు, సంపాదన పెరిగే కొద్దీ వెయ్యి, పదిహేను వందలు, ఆఖరి ఆరు నెలలు రెండు వేలు. ఆ డబ్బు మీరు ముట్టుకోకుండా ఆ అమ్మాయి పేరు మీదే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో జమ చేయించండి. వెళ్లే రోజున మొత్తం చేతికొస్తుందని మొదటి రోజే చెప్పండి, కాగితం మీద రాసివ్వండి. బయట ఇల్లు తీసుకోవాలంటే రెండు మూడు నెలల అడ్వాన్సు అడుగుతారు కదా, అది ఇక్కడి నుంచే వస్తుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. ఒకటో తారీఖు రాగానే అద్దె పక్కన పెట్టి మిగిలిన దాంతో బతకడం అలవాటవుతుంది. తొమ్మిది వేల జీతం మొదటిసారి చేతికొచ్చినప్పుడు ఒక పిల్ల నాలుగు రోజుల్లో మొత్తం ఖర్చు పెట్టేసింది. అందరికీ బిర్యానీ, తనకో డ్రస్సు, చిన్నప్పటి వార్డెన్‌కు చీర. ఇరవై రోజులు మిగిలినవాళ్లే ఆమెకు అన్నం పెట్టారు. నేను జోక్యం చేసుకోలేదు. రెండో నెల తనే పుస్తకం తెచ్చి లెక్క రాయడం మొదలుపెట్టింది.

లోన్ యాప్‌ల గురించి మాత్రం జోక్యం చేసుకోండి, గట్టిగా చేసుకోండి. మా ఇంట్లో ఒకమ్మాయి మూడు వేలు తీసుకుంది, కట్టే కొద్దీ పెరిగింది. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోటోలు మార్చి పంపుతామని బెదిరించారు. ఆ పిల్ల టెన్షన్‌తో నాలుగు రోజులు అన్నం మానేసింది, మేం జ్వరమనుకున్నాం. ఇలాంటివాటికి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఆ నంబరు, మహిళల హెల్ప్‌లైన్ 181 వంటగది తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. హాల్లో పెడితే ఎవరూ చూడరు, చూసినా నోట్ చేసుకోవడానికి సిగ్గుపడతారు.

ఇప్పుడు ఆఫీసుల సంగతి, ఇది తొందరగా చెప్పేస్తాను. 2015 బాల న్యాయ చట్టం 46వ సెక్షన్ ప్రకారం హోమ్ నుంచి పద్దెనిమిది నిండి బయటికొచ్చేవాళ్లకు ఆర్థిక సాయం ఇవ్వవచ్చు. దాన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు. ఇరవై ఒక్కటి దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు. 2016 నమూనా నియమాల్లో ఆరు నుంచి ఎనిమిది మందికి తాత్కాలికంగా ఉమ్మడి ఇల్లు అనే మాట స్పష్టంగా ఉంది. సంపాదించి పొదుపు చేసుకుని ఆ ఇంటి నుంచి సొంత చోటికి మారేలా ప్రోత్సహించాలని కూడా ఉంది. అంటే మీరు చేయాలనుకుంటున్నది చట్టం రాసుకున్నదే. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఆఫ్టర్‌కేర్‌లో ఉన్నవాళ్లకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అది అమ్మాయి ఖాతాలోకి పోవాల్సిన డబ్బు, మీ ఇంటి ఖర్చుకు కాదు. అది ఒకటో తారీఖుకల్లా పడుతుందన్న నమ్మకంతో ఇంటి లెక్క వేసుకోవద్దు.

కలవాల్సింది జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని, బాలల సంక్షేమ కమిటీని. మనవాళ్లందరూ డీసీపీయూ, సీడబ్ల్యూసీ అనే అంటారు. అమ్మాయి హోమ్ విడిచిపెట్టడానికి రెండు నెలల ముందే ఆమె తర్వాతి ప్లాన్ రాసి కమిటీకి ఇవ్వాలని నియమం. ఆ ప్లాన్‌లో మీ ఇంటి పేరు ఎక్కితే సగం పని అయినట్టే. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా వేరుపడింది కాబట్టి ఆత్మకూరు, ఆళ్లగడ్డ వైపు పిల్లలైతే వాళ్ల ఫైలు ఏ జిల్లాలో ఉందో ముందే అడిగి తెలుసుకోండి. లేకపోతే రెండు ఆఫీసుల మధ్య తిప్పుతారు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. పద్దెనిమిది నిండని పిల్లను ఒక్కరోజు కూడా పెట్టుకోవద్దు. "ఇంకో రెండు నెలల్లో నిండుతాయి మేడమ్, ఉంచుకోండి" అని ఎవరైనా అంటే మొహమాటపడకండి. మైనర్లను పెట్టుకునే సంస్థ 41వ సెక్షన్ కింద రిజిస్టర్ అయి ఉండాలి, లేకపోతే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మేలు చేయబోయి మీరు కేసు తెచ్చుకోవడం ఎందుకు?

కాగితాల సంగతి మీరు టీచర్ కాబట్టి మీకే బాగా తెలుసు. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఆధార్‌లో పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, కాబట్టి మెమో ముందు పెట్టుకుని సరిచూశాకే వెళ్లండి. ఇంకోటి మాకు తట్టనే లేదు. ఒకమ్మాయి బ్యాంకు ఫారం మూడుసార్లు వెనక్కొచ్చింది. సంతకం కలవడం లేదట. కూర్చోబెట్టి నాలుగుసార్లు పెట్టమంటే నాలుగు రకాలుగా పెట్టింది. ఆ పిల్ల ఎప్పుడూ సంతకం చేసింది లేదు. హోమ్‌లో అన్నిటికీ సూపరింటెండెంటే సంతకం. రెండు సాయంత్రాలు కూర్చుని తన సంతకం తనే తయారు చేసుకుంది. చివర్లో ఒక గీత, దాని కింద రెండు చుక్కలు. చూసి మిగిలిన వాళ్లంతా నవ్వారు, తర్వాత తలా ఒక కాగితం తీసుకుని వాళ్లూ మొదలుపెట్టారు.

పని దొరికాక జీతం స్లిప్ అడగడం నేర్పండి. పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోత పడుతుంటే ఆ నంబర్లు తన దగ్గర ఉండాలి. 21,000 లోపు జీతమైతే, ఆ చట్టం కిందికొచ్చే సంస్థలో పనిచేస్తే ఈఎస్ఐ వర్తిస్తుంది. షాపులో ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే, పది మందికన్నా తక్కువ పనిచేసే చోటైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చని చెప్పండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీలో ఛార్జీ లేదు కాబట్టి ఓర్వకల్లు, కోడుమూరు వైపు పనికి పోయేవాళ్లకు చాలా మిగులుతోంది. ఊళ్లో మాత్రం షేర్ ఆటోలే దిక్కు, ఆ ఖర్చు లెక్కలో రాసుకోవాలి.

మీరు హోమ్ పిల్లల గురించే రాశారు. మన పడమటి మండలాల సంగతి కూడా ఆలోచించండి. కోసిగి, పెద్దకడబూరు, ఆలూరు వైపు నుంచి పంటలు పోయినప్పుడల్లా కుటుంబాలు సుగ్గికి, అంటే వలస పనులకు పోతాయి, గుంటూరు మిరపకోతలకూ, బెంగళూరు బిల్డింగ్ పనులకూ. పిల్లను కస్తూర్బాలోనో వెల్ఫేర్ హాస్టల్లోనో ఉంచి చదివిస్తారు. ఇంటర్ అయిపోయాక ఆ పిల్లకు హాస్టల్ ఉండదు, ఊళ్లో ఇంటికి తాళం. తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి అనాథ కాదు, హోమ్ నుంచి రాలేదు కాబట్టి ఆఫ్టర్‌కేరూ రాదు. అలా వచ్చిన పిల్లలకే పత్తి చేలల్లో క్రాసింగ్ పనులో (విత్తనం కోసం పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని), పెళ్లో ఎదురవుతుంది. ఆరు మంచాలుంటే రెండు ఇలాంటివాళ్లకు ఉంచండి. హోమ్ పిల్లలూ వీళ్లూ కలిసి ఉంటే ఇద్దరికీ మంచిదని నా అనుభవం. వీళ్లకు బజారు తెలుసు, వాళ్లకు క్రమశిక్షణ తెలుసు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. పద్దెనిమిది నిండగానే ఎక్కడినుంచో పిన్నులు, మేనమామలు వస్తారు. పదేళ్లు హోమ్ గడప తొక్కనివాళ్లు పండ్లు పట్టుకుని వస్తారు. పిల్ల పేరు మీద డిపాజిట్ ఉందని తెలిస్తే ప్రేమ మరీ ఎక్కువవుతుంది. కోవిడ్‌లో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని పీఎం కేర్స్ పథకంలో ఉన్న పిల్లలకు ఇరవై మూడేళ్లు నిండాక పది లక్షలు వస్తాయి. అలాంటి పిల్లను మాత్రం కంటికి రెప్పలా చూసుకోవాలి. బంధువులందరూ దొంగలని కాదు. మా ఇంట్లో ఇద్దరు అమ్మాయిలకు మేనత్తలే నిజంగా అండగా నిలబడ్డారు. కానీ ఎవరు వచ్చినా పిల్ల తనే ఒక పండక్కి వాళ్లింటికి వెళ్లి రెండు రోజులుండి చూసి రమ్మంటాను. అంతకంటే మంచి విచారణ లేదు. "మంచి సంబంధం, కట్నం వద్దంటున్నారు" అని తొందరపెట్టేవాళ్లకు ఒకటే జవాబు, ఉద్యోగంలో ఏడాది నిండనివ్వండి అని. దానికి ఆగేవాడు ఆగుతాడు, ఆగనివాడు ఇంకో పిల్లను చూసుకుంటాడు.

అన్నట్టు, వాళ్లు మిమ్మల్ని అమ్మా అని పిలుస్తారు, మొదటి రోజే. కళ్లు చెమరుస్తాయి. నేను మాత్రం వద్దన్నాను, అక్కా అనమన్నాను. అమ్మ అంటే విడిచిపోకూడదు కదా, మేం ఉన్నదే రెండేళ్లలో వాళ్లు విడిచిపోవడానికి. మా భాగస్వామి ఒకావిడ నన్ను రాతిగుండె అని తిట్టింది. మీ ఇష్టం మీరు చూసుకోండి. వెళ్లాక కూడా పండగలకు రావచ్చని మాత్రం చెప్పండి. హాస్టళ్లన్నీ ఖాళీ అయ్యే ఉగాది రోజు వీళ్లకు ఏడాదిలో అన్నిటికన్నా కష్టమైన రోజు. ఆ రోజు మా ఇంట్లో భక్ష్యాలు చేస్తాం, పాత పిల్లలు పిల్లలతో, భర్తలతో వస్తారు, కొత్తవాళ్లు పూర్ణం రుబ్బుతారు. నేను ఏమీ చేయను, కుర్చీలో కూర్చుంటాను.

ఎన్నాళ్లంటారా, రెండేళ్లు. ఆరు నెలల్లో ఎవరూ నిలబడరు. మొదటి మూడు నెలలు నిద్రపోవడానికే సరిపోతాయి, నిజంగానే బాగా పడుకుంటారు. నర్సింగ్ లాంటి మూడేళ్ల కోర్సు చదివేవాళ్లకు గడువు పెంచండి. ఒకసారి వెళ్లిన పిల్ల పని పోయి తిరిగొస్తే తలుపు తీయండి, దానికోసం ఒక మంచం ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. వెళ్లే ముందు బయట ఇల్లు వెతకడం కూడా వాళ్లతోనే చేయించండి, మీరు పక్కన నడవండి చాలు. "మీ నాన్న ఏం చేస్తాడు, మీరేం వాళ్లు, ఒంటరి ఆడపిల్లకు ఇవ్వం" అన్న మాటలు వీధి వీధిలో వినాల్సి వస్తుంది. అప్పుడు మీలాంటి రిటైర్డ్ టీచర్ పక్కనుంటే సగం తలుపులు తెరుచుకుంటాయి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఇల్లు తీసుకుంటే ఇంకా తేలిక.

మొదటి ఏడాది ఆరుగురితో మొదలుపెట్టకండి, ఇద్దరితో మొదలుపెట్టండి. దసరాకు ముందు వద్దు, షాపుల్లో అప్పుడు పని ఎక్కువ, కొత్త పిల్లలు నలిగిపోతారు. సంక్రాంతి తర్వాత అయితే బాగుంటుంది. ఇంకా ఒక్క సందేహం నాకే ఉంది, మీరు రాయలేదు. ఆ ఇంట్లో బాత్రూములు ఎన్ని? ఒకటే అయితే పెరట్లో రెండోది కట్టించాకే పిల్లల్ని పిలవండి. పొద్దున ఎనిమిదిన్నరకు అందరూ ఒకేసారి పనికి బయలుదేరే ఇంట్లో ఒక్క బాత్రూమ్ ఉంటే జరిగే గొడవలు తీర్చడం నా వల్ల కాలేదు.